త్రియామ

అమరకోశమున కాలవర్గము వల్లించిన వారికి రాత్రి పేర్లు నేటికిని నోట నుండును. శర్వరి, నిశ, నిశీథిని, క్షణద, రజని, యామిని యను పేర్ల నడుమ త్రియామ యనునది యొకటి కలదు. రాత్రికి జాములు నాలుగు గదా, మూడు జాములదని యేల యనిరని బాల్యమున నేను గురువుగారి నడిగితిని. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట నర జామును, తెల్లవారుటకు ముందర నర జామును జనులు పనిపాటలయందు మెలగుదురు గనుక, ఆ రెండర జాములను పగటిలో చేర్చి తక్కిన మూడింటినే రాత్రిగా నెంచిరని యాయన చెప్పెను. జామనగా నేటి గడియారపు లెక్కకు మూడు గంటలు. మూడు జాములు తొమ్మిది గంటలు.

ఈ లెక్కను నేను మరచి యేబదియేండ్లయినది. దానిని మరల జ్ఞప్తికి తెచ్చినవాడు మా మనుమడు. వాడిప్పుడు పదవ తరగతి చదువుచున్నాడు. ఉదయమున వానిని లేపుటకు వాని తల్లి మూడుమార్లు పిలువవలెను, నేను రెండుమార్లు కసరవలెను. రాత్రి పదునొకండు గంటలు దాటినను వాని దుప్పటిలోపల వెలుతురు కానవచ్చుచుండును. ఏ యూర నే పెద్దమనిషి నడిగినను తన యింటను ఇదియే కథ యని చెప్పుచున్నాడు. పిల్లల నిద్రను సెల్ఫోను తినివేసినదని యందరి మాట. ఈ మాటలో నిజమెంత? మన రాత్రి నిన్న మొన్ననే చెడినదా, లేక యంతకు ముందే చెడుచు వచ్చినదా? ఇది తెలిసికొనగోరి మా మంచిర్యాల ప్రాంతపు రాత్రి చరిత్రను కొంత వెనుకకు పోయి చూచితిని. రాజుల చరిత్రకు శాసనములు కలవు. రాత్రికి దీపములే శాసనములు.

మొదట నొక భ్రమను తొలగించుకొందము. పూర్వము పిల్లలందరు సంజవేళకు బువ్వ తిని కోడికూతదాక నిద్రించిరని మనము చెప్పుకొందుము. నేను గోదావరి యొడ్డున నొక పల్లెలో పెరిగినవాడను. అది పూర్తిగా నిజము కాదు. జొన్నచేను కంకి పట్టిన దినములలో పందుల కాపలాకు మంచెమీద పండుకొనిన వారు పదునైదు, పదునారేండ్ల పిల్లలే. అడవిలో నే చిన్న చప్పుడైనను లేచి డబ్బా వాయింపవలెను. మోట తోలు రైతు కొడుకు వేగుచుక్క పొడుచునప్పటికే యెడ్లను కట్టవలెను. ఊరికి ఒగ్గువారు వచ్చి మల్లన్న కథ యెత్తుకొన్నచో ఆ డోలు చప్పుడునకు చంటిపిల్లలుగూడ మేలుకొనెడివారు. చిందువారి భాగవతము తెల్లవారినగాని ముగియదు. శివరాత్రికి వేలాల మల్లన్న గట్టు క్రింద జాగరణము చేసిన వారిలో నేనును ఒకడను. ఆ రాత్రి నిద్రపోయిన వానిని తోటివారు నీళ్లు చల్లి లేపెడివారు.

మన యొక్క ప్రాంతముననే కాదు. టాంజానియాలోని హడ్జా వారు, నమీబియాలోని సాన్ జాతివారు, బొలీవియాలోని చిమానే వారు విద్యుద్దీపములు లేక వేటచేతను కాయగడ్డలచేతను జీవించువారు. వారి నిద్రను కొలిచి 2015లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అక్కడి పెద్దవారు ప్రొద్దు గ్రుంకిన పిదప మూడు గంటలకు పైగా మేలుకొనియే యుందురట. నిద్ర సగటున ఆరు, ఏడు గంటలకు మించదట. కావున చీకటి పడగానే నిద్ర వచ్చునని తలచుట మన కోరికయే గాని చరిత్ర గాదు.

ఐనను ఆనాటి మేలుకొలుపునకును ఈనాటి దానికిని భేదమున్నది. మంచె కాపలా పంట యింటికి వచ్చువరకే. శివరాత్రి యేటి కొక్కమారే. ఒగ్గుకథ యెంత పొడవైనను తుదకు మంగళహారతి యుండును. హారతి పళ్లెములో చేతనైనది వేసి జనులు చాపలు చుట్టుకొని లేచి పోవుదురు. మరునాడు ఊరంతయు కలిసి కునికిపాట్లు పడును, ఒకరి నొకరు నిందింపరు. ఈ మంగళహారతి మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనియొద్దకు రావలసియున్నది.

ఇక దీపములు. మా తాతగారి కాలమున ఆముదపు ప్రమిద. నా చిన్ననాడు గ్యాసునూనె చిమ్నీ, కలిగినవారింట కందీలు. పెండ్లికిని, నాటకమునకును గ్యాసుబత్తి. చిమ్నీ ముందర నేను శబ్దమంజరి వల్లించితిని. ఆ దీపము గొప్పదని చెప్పబోను. దాని పొగకు కండ్లు మండెడివి, ముక్కుపుటములు నల్లబడెడివి. కాని సీసాలో నూనె యొక మట్టునకు దిగినచో మా యవ్వ వచ్చి నోట ఊదివేయును. తరువాతి శ్లోకము రేపటికే. మా నిద్రను కాపాడినది యే శాస్త్రమును గాదు, గ్యాసునూనె ధర.

ఈ ప్రాంతమున రాత్రిని మొదట పగలు చేసినది బొగ్గు. ఇల్లెందు ప్రాంతమున బొగ్గున్నదని 1871లో కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడి త్రవ్వకమునకు హక్కు పొందెను. 1920లో అదియే సింగరేణి కాలరీస్ కంపెనీ యయ్యెను. ఆ సంవత్సరముననే హైదరాబాదులో హుస్సేన్ సాగరపు టొడ్డున బొగ్గుతో విద్యుత్తును పుట్టించు కేంద్రము వెలసెను. తరువాతి పదేండ్లలో బెల్లంపల్లి తాండూరు ప్రాంతమునకు గనులు వచ్చెను. పిదప మందమర్రి, రామకృష్ణాపూరు, శ్రీరాంపూరు. కాజీపేట బల్లార్షా రైలు మార్గము మీద బొగ్గు రాత్రింబగళ్లు నడచెను. వ్యవసాయమునకు ప్రొద్దు గడియారము. గనికి సైరను గడియారము. భూమిలోపల నెప్పుడును రాత్రియే గనుక అక్కడ పగటి పాళీ, రాత్రి పాళీ యను భేదము పేరునకే.

అయ్యలారా, గనికార్మికుని యిల్లు చూచినవారు మీలో పెక్కురుందురు. ఇంటి పెద్ద రాత్రి పాళీ ముగించుకొని వచ్చి పగలు పండుకొనును. కిటికీకి దుప్పటి కట్టుదురు. పిల్లలను వాకిట నాడనీయరు, పప్పు పోపు వేయుటకుగూడ భయపడుదురు. పాళీ మారినప్పుడెల్ల యింటివారి భోజనవేళలు, నిద్రవేళలు మారును. ఇట్టి యిండ్లనుండి వచ్చిన పిల్లలకు నేను చాల సంవత్సరములు తెలుగు చెప్పితిని. మొదటి గంటలో బల్లపై తల వాల్చిన వారిలో వారే యెక్కువ. అప్పుడు సెల్ఫోనన్న మాటయే లేదు.

ఇక్కడ నొక చట్టము మాట చెప్పవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము బాలురను రాత్రివేళ పనిలో నుంచరాదని శాసించెను. రాత్రి యనగా నేమి యనునదిగూడ నా చట్టమే నిర్వచించెను: ఎడతెగని పండ్రెండు గంటల కాలము, అందు రాత్రి పది మొదలు ఉదయ మారు వరకు గల వేళ తప్పక చేరియుండవలెను. బాలుని రాత్రి వాని సొత్తని, యంత్రము దానిని తాకరాదని యొప్పుకొనిన మాట యిది. ఇంగ్లాండులో 19వ శతాబ్దపు ప్రారంభముననే పత్తిమిల్లుల బాలుర రాత్రిపనిని నిషేధించిరి. ఒక నూరేండ్లకు పైగా లోకము పిల్లల రాత్రిని చట్టములతో కాపాడుచు వచ్చినది.

రేడియో, సినిమా, టెలివిజనుల సంగతి త్వరగా చెప్పి ముగింతును. నైజాము కాలమున మొదలైన హైదరాబాదు రేడియో కేంద్రము 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరెను. పంచాయితీ రేడియో ముందర ఊరు కూర్చుండెడిది. రాత్రి నియమిత వేళకు ప్రసారములు ముగిసినవని చెప్పి యది మూగవోయెడిది. బండ్లు కట్టుకొని రెండవ ఆటకు పోయిన వారికి తెర తెల్లబడగానే యింటి దారి. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము కృత్రిమోపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2400 పల్లెలకు టెలివిజను చూపిరి. అందు మన ఆంధ్రప్రదేశ మొకటి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన కేంద్రము మొదలయ్యెను. ఆ దూరదర్శనుగూడ రాత్రి కొంత ప్రొద్దుపోగానే తెర మూసికొనెడిది. 1995 నుండి ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చి రాత్రియన్న హద్దును క్రమముగా చెరిపివైచినవి. ఒక గది యింటిలో పెద్దలు రాత్రి పదింటిదాక సీరియలు చూచుచు, మూలను చాపమీద పండుకొనిన పిల్లవానిని కండ్లు మూసికొమ్మని గద్దించుట మన మెరుగనిదా? ఆ పెద్దలలో నేనును ఉంటిని.

2016వ సంవత్సరము మా ప్రాంతమునకు ముఖ్యమైనది. ఆ యేడు అక్టోబరు 11న ఆదిలాబాదు నుండి విడివడి మంచిర్యాల జిల్లా యయ్యెను. ఆ యేడే జైపూరు మండలమున సింగరేణి వారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము పని మొదలుపెట్టెను. జిల్లా యేర్పడుటకు సరిగా ముప్పదియారు దినములు ముందు, సెప్టెంబరు 5న, జియో వారు దేశమంతట తమ సేవను ప్రారంభించి మొదట కొన్ని నెలలు డేటాను ఉచితముగా నిచ్చిరి. మూటికిని సంబంధమున్నదని నే ననను. కాని వీధిదీపమును, ఎడతెగని కరెంటును, చవుకడేటాయు నొక్క యేట కలిసి వచ్చినవి. అంతకు ముందు కరెంటు కోత యుండెను. కోతను మనమందరము తిట్టితిమి. ఐనను పిల్లలను పండుకొనబెట్టుటలో అది మా యవ్వవంటిది.

అప్పటికిని ఫోను పెద్దల జేబులోనే యుండెను. అది పిల్లవాని చేతికి వచ్చిన దినము నాకు బాగుగా తెలియును. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడెను. సెప్టెంబరు 1 నుండి మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా పాఠములు చెప్పిరి. టెలివిజను లేనిచోట ఫోను. ఇంటిపని వాట్సాపులో. పలు యిండ్ల తల్లిదండ్రులు అప్పు చేసి స్మార్టుఫోను కొనిరి. అయిదవ తరగతిలో నున్న మా మనుమనికి కొనినవాడను నేనే. సరస్వతీ పూజకు పుస్తకములతోబాటు ఆ ఫోనునుగూడ పీటమీద పెట్టితిమి. ఆ నాడు వేరు మార్గము లేదు. దానిని నేను తప్పనను. కాని బడులు తెరచిన పిమ్మట ఆ ఫోనును ఎవరు తిరిగి తీసికొనిరి?

2024లో దేశమందలి పల్లెలలో పిల్లల చదువును పరీక్షించిన అసర్ నివేదిక యొక లెక్క చెప్పినది. పదునాలుగు మొదలు పదునారేండ్ల వారిలో స్మార్టుఫోను వాడుట తెలిసినవారు నూటికి 82 మంది. ఆ తెలిసినవారిలో ముందటి వారమున చదువునకు వాడినవారు నూటికి 57 మంది, సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది. చదువు పేరిట వచ్చిన యతిథి యింటివాడై కూర్చుండెను.

నిద్రను ఫోను ఎట్లు చెరచుననుటలో శాస్త్రజ్ఞులు చెప్పినదానిని నేను చదివినంతవరకు చెప్పెదను. చీకటి పడగానే మెదడులోని యొక చిన్న గ్రంథి మెలటోనిన్ అను పదార్థమును విడుచును. దానిని 1958లో అమెరికాలో లెర్నర్ అను వైద్యుడు వేరుచేసి చూపెను. కంటిలో వస్తువులను చూచుట కుపయోగించు కణములుగాక, వెలుతురున్నదో లేదో మెదడునకు తెలుపు కణములు వేరుగా కలవని 2002లో తేలెను. నీలివెలుతురు వానిని మిక్కిలిగా మేలుకొలుపును. ఆముదపు ప్రమిదలో నీలి మిక్కిలి తక్కువ. ఫోను తెరలో నెక్కువ. 2014లో పండ్రెండుగురి చేత కొన్ని రాత్రులు తెరమీదను, కొన్ని రాత్రులు అచ్చుపుస్తకములోను నిద్రకు ముందు నాలుగేసి గంటలు చదివించి చూచిరి. తెరమీద చదివిన రాత్రులలో మెలటోనిన్ సగమునకు పైగా తగ్గెను, అది పుట్టు వేళ గంటన్నర వెనుకబడెను. ఐనను నిద్ర పట్టుట ఆలస్యమైనది సుమారు పది నిమిషములే. కావున దోషమంతయు వెలుతురుమీద వేయుట న్యాయము గాదు. నీలివెలుతురును అడ్డు కండ్లద్దములు కొనిపెట్టిన తల్లిదండ్రులు దీనిని గమనింపవలెను.

వెలుతురుకంటె పెద్ద దోషము మరియొకటి కలదు. 2006లో ఏజా రాస్కిన్ అను నతడు తెరమీద పుట తుదకు రాకుండ, వ్రేలితో నెట్టినకొలది క్రొత్తది వచ్చుచుండునట్లొక యేర్పాటు చేసెను. అంతకు ముందు పుట ముగిసెడిది, తరువాతి పుట కావలెనా యని చదువరి యాలోచించెడివాడు. ఆ యాలోచించు క్షణమును తీసివైచిరి. తరువాత ఆ రాస్కినే దీనికి బహిరంగముగా చింతించెను. నేను మా మనుమని ఫోను నొకనాడు చేత పట్టి చూచితిని. వంట, కోతి, ఏడ్పు, దేవుడు, క్రికెట్టు, మరల వంట. అరగంట గడచినది. తుద రాలేదు. డెబ్బదికి దగ్గరవాడను, నాకే నిలుపుట చేతగాలేదు. ఇది మంగళహారతి లేని కథ. దీనికి తోడు మిత్రులు రాత్రి పండ్రెండింట పంపిన మాటకు వెంటనే ప్రత్యుత్తర మీయనిచో పిల్లవానికి మరునాడు బడిలో ముఖము చెల్లదు. మంచెమీది పిల్లవాడు పందికొరకు చెవి యొగ్గినట్లు వీడు ఫోను చప్పుడునకు చెవి యొగ్గి పండుకొనుచున్నాడు. పంట మాత్ర మెన్నటికిని ఇంటికి రాదు.

పిల్లల నిద్రను జీవితమంతయు పరిశీలించిన మేరీ కార్స్కడన్ అను విదుషి 1970 తరువాతి సంవత్సరములలో స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయమున వేసవి సెలవులలో పిల్లలను చేర్చి, వారి నిద్రను ఏటేట కొలిచెను. పెరుగు వయస్సున నిద్ర యవసరము తగ్గునని యప్పటివరకు నందరును తలచిరి. తగ్గలేదు. వీలు కలిగించినచో వారు సుమారు తొమ్మిది గంటలు నిద్రించిరి. ఇది చదివినప్పుడే నాకు త్రియామ జ్ఞప్తికి వచ్చినది. 2016లో అమెరికా నిద్రావైద్యుల సంఘము పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెనని చెప్పినది. అమరసింహుడు బాలుర నిద్రను లెక్కించి యాపేరు వ్రాసెనని నేను వాదింపను. పండితుల కిట్టి చాపల్య ముండును, క్షమింపుడు. ఆమె మరియొకటి కనుగొనెను. యౌవనము వచ్చుచుండగా దేహములోని గడియారమే వెనుకబడును. తొమ్మిదింటికి నిద్ర పట్టకపోవుట, ఆరింటికి మెలకువ రాకపోవుట వారి సోమరితనము గాదు. చరకుడు ఆహారమును, నిద్రను, బ్రహ్మచర్యమును దేహమునకు మూడు ఉపస్తంభములనెను. మన మొక దానిని చిన్ననాడే విరుచుచున్నాము.

మనము విరుచుచున్నామని యేల యంటిననగా, నేను విరిచినవాడను. ఉద్యోగపు దినములలో పదవ తరగతి పరీక్షలకు ముందు ఉదయ మారింటికే ప్రత్యేక తరగతి పెట్టితిని. ఉత్తీర్ణులు పెరిగిరని పొగడ్తయు పొందితిని. ఒకనాడు చలిలో వచ్చిన పిల్లవాడొకడు విభక్తులు చెప్పుచుండగా నిద్రపోయెను. వానిని గంటసేపు నిలువబెట్టి, నీవంటివానికి చదువేలయని నలుగురిలో నంటిని. మరునాడు వాని తల్లి బడికి వచ్చెను. "రాత్రి పన్నెండు గొట్టంగ నల్లా అచ్చింది సారూ. వాళ్ల బాపు డ్యూటీల ఉండె. పిలగాడే నీళ్లు మోసిండు" అని మాత్రము చెప్పి, కొంగు కప్పుకొని వెడలిపోయెను. ఆమె నన్ను నిందింపలేదు. ఆ పిల్లవాడు మరి వారమునకు బడి మానెను. నేను వాని యింటికి పోయి పిలిచితిని గాని వాడు రాలేదు. ఇప్పు డెక్కడనో లారీ తోలుచున్నాడని వింటిని. రాత్రివేళనే తోలుచుండును.

దేశాంతరములలో చేసినవి రెండు మూడు చెప్పెదను. కాలిఫోర్నియా రాష్ట్రమున 2022 నుండి ఉన్నత పాఠశాలలు ఉదయ మెనిమిదిన్నరకు ముందు తెరవరాదని చట్టము. చైనాలో 2021 సెప్టెంబరు నుండి పిల్లలు అంతర్జాలపు ఆటలను శుక్ర, శని, ఆదివారములందును సెలవులందును రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వరకే యాడవలెనని కట్టడి. ఆస్ట్రేలియావారు పదునారేండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలుండరాదని 2024 నవంబరులో చట్టము చేసి 2025 డిసెంబరు 10 నుండి అమలు జరిపిరి. చట్టములు దుప్పటిలోనికి ఎంతవరకు దూరగలవో నాకు సందేహమే. కాలిఫోర్నియావారి మార్గము నాకు నచ్చినది. అందు పిల్లవానిని తిట్టుట లేదు, బడి తన గంటను తాను మార్చుకొన్నది. మన బడులలో ఆరింటి ప్రత్యేక తరగతులు, కొన్ని కళాశాలల వసతిగృహములలో రాత్రి పదునొకండువరకు చదువుగంటలు ఇప్పటికిని గొప్పగా చెప్పుకొనబడుచున్నవి.

మా యింట గోడలో పాత దీపపుగూడు కలదు. చిమ్నీ పొగకు దాని పైభాగము నల్లబడి సున్నము వేసినను పోలేదు. గత శ్రావణమునుండి రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటిలోని ఫోనులన్నియు నా గూటిలో పెట్టవలెనని నేను నియమము చేసితిని. మొదటి రాత్రి మా మనుమడు తన ఫోను తెచ్చి చేత పట్టుకొని గూటియొద్ద నిలిచెను, పెట్టలేదు. నా జేబులో ఫోను టింగుమన్నది. నాతో పనిచేసి విశ్రాంతి తీసికొనిన మిత్రులెవరో వాట్సాపులో తామరపువ్వు బొమ్మతో శుభరాత్రి చెప్పిరి.

"ముందుగాల నీది వెట్టు తాతా" అని వాడనెను.